అయిదున్నర శృతి

చిదంబరం మాస్టారిని ప్రశ్న అడిగి, జవాబు చేతపట్టుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు ఏలూరులో ఎవరూ లేరు. ముందు హార్మోనియం, ఆ తర్వాత కాలం మారిందని కీబోర్డు, రెండు తరాలకు నేర్పిన మనిషి. శిష్యుడు నోరు తెరిచి ఏదైనా అడిగితే కళ్ళజోడు తీసి కండువాతో తీరిగ్గా తుడుచుకునేవారు. ఆపైన ఎక్కడా పొంతన లేని సంగతేదో ఎత్తుకునేవారు. ఈయన అసలు విన్నారా అని అడిగినవాడు తల గోక్కుంటూ గుమ్మం దిగిపోయేవాడు. శిష్యుల్లో పెద్దవాడు, యాభై దాటినవాడు, భూషణం ఒకరోజు పొద్దున్నే వచ్చి ఆయన ఎదుట చాప మీద కూర్చున్నాడు. గడ్డం గీసుకుని ఎన్నాళ్ళైందో తెలియదు.

“మాస్టారూ, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలుపుకోవాలంటే ఏం చెయ్యాలి?” అని అడిగాడు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. మీ ఇంట్లో కాఫీ బాగుంటుంది కదూ అని అడిగారు. భూషణం అవుననేలోపే చెప్పుల్లో కాళ్ళు పెట్టి వీధిలోకి నడిచారు.

భూషణం ఇంట్లో మధ్యగదే స్టూడియో. గోడలకు పాత బొంతలు దిగ్గొట్టి, కిటికీకి పరుపు అడ్డంపెట్టి, అతనూ భార్య అనసూయా కలిసి తయారు చేసుకున్న గది అది. రికార్డింగు నడిచినంతసేపూ ఫ్యాను ఆపేయాలి కాబట్టి ఎండాకాలంలో అక్కడ పాడటమంటే దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టుకోవడమే. ఆ గదిలో ఒక పాత వర్క్‌స్టేషన్ కీబోర్డు ఉంది. వాయించడం, కొత్త నాదాలు తయారు చేసుకోవడం, ఒకదాని మీద ఒకటి పేర్చి రికార్డు చేసుకోవడం, అన్నీ అందులోనే. ఇంటింటికీ కంప్యూటర్లు రాకముందు దాని వైభవం దానిది. ఇప్పుడు తెర వెలిసిపోయి, మెడ పక్కకు వంచి చూస్తేగాని అక్షరాలు కనబడవు. వాల్యూము మీట కదిపితే పోపు పెట్టినట్టు చిటపటలాడుతుంది. దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయమని చెప్పని స్నేహితుడు లేడు. భూషణం నవ్వి ఊరుకునేవాడు.

అతను దాన్ని వదలకపోవడానికి కారణం అందులో దాచుకున్న ఒక నాదం. ఎక్కడో దూరాన వయొలిన్లు గుంపుగా వాయిస్తున్నట్టుంటుంది. ఒక వేసవి అంతా అనసూయ పక్కన కూర్చుని, ఇంకా మెత్తగా, ఇంకొంచెం దూరంగా అని విసిగిస్తుంటే, భూషణం మీటలు జరుపుకుంటూ దాన్ని సాధించాడు. చివరికి ఒక మధ్యాహ్నం ఆమె కళ్ళు మూసుకుని “చాలు, ఇదే” అంది. ఆ నాదం మీద భూషణం ఆమె కోసం ఒక పాట కట్టాడు. ఆమె గొంతు హాయిగా పలికేది అయిదున్నర శృతిలో కనుక పాటనూ ఆ శృతిలోనే కట్టాడు. ఊళ్ళోవాళ్ళ పాటలన్నీ ఇద్దరూ కలిసి రికార్డు చేశారు గాని, ఈ పాట మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. మనదేగా, ఎప్పుడైనా చేసుకోవచ్చులే అనేది అనసూయ. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. పాట మిగిలింది, పాడిన గొంతు ఎక్కడా మిగల్లేదు. ఆ నాదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి చూశాడు భూషణం. వినడానికి అచ్చం అలాగే ఉంది. కానీ అనసూయ చాలు అన్నది దాన్ని కాదు. అతనికి అది పనికిరాలేదు.

ఇప్పుడు ఆ పాత కీబోర్డుకే ఏదో జబ్బు చేసింది. ఆ పాట వాయిస్తుంటే మధ్యలో స్వరాలు జారిపోతున్నాయి. నొక్కిన స్వరం మోగుతూ మోగుతూ ఉన్నట్టుండి మాయమైపోతుంది. విజయవాడ తీసుకెళ్ళి చూపిస్తే బాగుచేసేవాడు అంతా విప్పి చూసి, దీనికేం రోగం లేదండీ అని మూత బిగించి పంపేశాడు. ఇంటికొచ్చి వాయిస్తే మళ్ళీ అదే వరస. అది పూర్తిగా మూగబోతే ఆ పాట కూడా పోయినట్టే. అనసూయ రెండోసారి పోవడం చూసే ఓపిక భూషణానికి లేదు.

ఇంకొకటి కూడా అతని చేయి దాటిపోతోంది. కూతురు మంజీర తల్లిలాగే పాడుతుంది, కాకపోతే గొంతు తల్లికన్నా కిందిది. తల్లి పాట తను పాడతానని ముచ్చటపడి ఆ గదిలోకి వెళ్ళింది. పై స్వరాల దగ్గర గొంతు చిట్లింది. కొంచెం దించు నాన్నా అంది. ఇది అమ్మ పాట, అమ్మ శృతిలోనే ఉంటుంది అన్నాడు భూషణం. చేత్తో తుడిచేసినట్టు ఆ పిల్ల ముఖంలో వెలుగు పోయింది. తర్వాత ఆ గది గడప తొక్కలేదు. విజయవాడలో ఎవరిదో ఆర్కెస్ట్రాలో చేరుతున్నానని, అక్కడే గది తీసుకుంటానని నిన్ననే చెప్పింది. భూషణం వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. రాత్రంతా పక్క మీద దొర్లి, తెల్లవారగానే మాస్టారి గుమ్మం ఎక్కాడు.

మాస్టారు వచ్చి ఆ మధ్యగదిలో ఒక స్టూలు మీద కూర్చున్నారు. ఆ పాట వాయించమన్నారు. భూషణం మొదలుపెట్టాడు. రెండో వరస సగంలో ఉండగా ఆయన చెయ్యెత్తి, ఇప్పుడు వేళ్ళు తియ్యి, కాలు మాత్రం తియ్యకు అన్నారు.

భూషణం వేళ్ళు తీశాడు. కాలికింద పెడలు నొక్కి ఉంది. పెడలు నొక్కి పట్టుకుంటే వేళ్ళు తీసినా స్వరాలు మోగుతూనే ఉంటాయి. గదినిండా ఆ నాదం, ఏ స్వరం ఏదో తెలియనంత చిక్కగా అలముకుని ఉంది.

“అన్నిటికంటే ముందు నొక్కిన స్వరం వినబడుతోందా?” అని అడిగారు మాస్టారు.

భూషణం చెవి ఒగ్గి విన్నాడు. పాట మొత్తాన్నీ కిందనుంచి మోసే షడ్జం అది. వినబడలేదు.

“యంత్రం బాగానే ఉందిరా. ఒకేసారి ఇన్ని స్వరాలని దానికో లెక్క. నువ్వు ఒక్కదాన్నీ వదలవు, కొత్తవి నొక్కుతూ పోతావు. ఇక అదే ఒకదాన్ని వదిలేస్తోంది. ఏది వదలాలో దానికేం తెలుసు? ముందొచ్చినదాన్ని వదిలేస్తోంది.”

ఈ సంగతి భూషణానికి తెలియనిది కాదు. తన దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు వరస మారినప్పుడల్లా కాలు లేపమని అరిచి చెప్పేది తనే. వేరే ఏ పాట వాయించినా అతని కాలు దాని పని అది చేసుకుపోతుంది. ఈ ఒక్క పాటలో కాలు లేవడం లేదని అతనికే తెలియదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మాస్టారు మళ్ళీ వాయించమని సైగ చేశారు. భూషణం ఈసారి వరస చివర కాలు లేపాడు. నాదం ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. వరసకూ వరసకూ మధ్య ఆ ఖాళీ తను కావాలని ఉంచినదే, అనసూయ ఊపిరి తీసుకోవడానికి. సాధన చేసేటప్పుడు ఆ చోట ఆమె ఊపిరి చప్పుడు చిన్నగా వినబడేది. పాటలో అతనికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఆమె పోయాక ఆ చోటు దగ్గరకొచ్చేసరికి చెవి ఆ ఊపిరి కోసం వెతుక్కునేది. అది దొరక్క, ఆ కాస్త నిశ్శబ్దాన్ని భరించలేక, తనకు తెలియకుండానే దాన్ని నాదంతో కప్పేశాడు. ఇప్పుడు కప్పడానికి ఏమీ లేదు. అనసూయ కావాలనిపించింది. ఒక్కసారి, ఒక్క ఊపిరి చాలు. కళ్ళనీళ్ళు మీటల మీద పడుతుంటే తుడుచుకోలేదు. మాస్టారు కూడా ఓదార్చే పని పెట్టుకోకుండా బొంతల మీది కుట్లు చూస్తూ కూర్చున్నారు.

అప్పుడే మంజీర కాఫీ తెచ్చింది. గడప దాటకుండా చెయ్యి చాపి మాస్టారికి గ్లాసు అందించింది. తండ్రి ముఖం చూసి ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగింది.

ఎవరు పాడటానికి వచ్చినా వాయించేవాడు మొదట అడిగే మాట ఒకటుంటుంది. మంచినీళ్ళు ఇవ్వకముందే, పేరు కూడా అడక్కముందే అడుగుతాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళను ఎందరినో భూషణం ఆ మాట అడిగాడు. ఆర్కెస్ట్రాల వాళ్ళను, భజనల వాళ్ళను, పెళ్ళి వీడియోలో ఒక్క పాట పాడుకోవాలని సరదాపడ్డ పంతులమ్మను కూడా అడిగాడు. ఈ పాటకు మాత్రం ఎవర్నీ అడగాల్సిన అవసరం లేదనుకున్నాడు. అనసూయ శృతి తెలిసినవాడు, ఇక ఎవర్ని అడుగుతాడు? గుమ్మం దగ్గర వెళ్ళిపోతున్న పిల్ల వీపు వైపు చూశాడు.

“మంజీ,” అన్నాడు. “నీది ఏ శృతమ్మా?”

ఆ పిల్ల తిరిగి చూసింది. విన్నది నిజమా కాదా అన్నట్టు మాస్టారి వైపు చూసింది. ఆయన కాఫీ ఊదుకుంటున్నారు. “నాలుగున్నర నాన్నా,” అంది చిన్నగా.

భూషణం మెడ పక్కకు వంచి, వెలిసిపోయిన తెరలో వెతుక్కుని, శృతి దించే బొత్తాం రెండుసార్లు నొక్కాడు. పాట మొదలుపెట్టాడు. మంజీర గడప ఇవతలికి వచ్చి నిలబడి పాడింది. వరస చివర అతను కాలు లేపాడు. నిశ్శబ్దం వచ్చింది. అందులో ఊపిరి చప్పుడు వినబడింది. అది అనసూయది కాదు. తల్లి కన్నా కాస్త తొందరగా, కాస్త భయంగా ఉంది. భూషణం వేళ్ళు తడబడినా ఆగలేదు. పైస్వరాలు వచ్చాయి, పిల్ల గొంతు చిట్లలేదు.

పాట అయింది. మంజీర ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. విజయవాడ వెళుతుందో మానుతుందో చెప్పలేదు. భూషణం అడగనూ లేదు. మాస్టారు లేచి కండువా భుజాన వేసుకుని వీధి గుమ్మం దాకా వచ్చారు. భూషణం వెనకే వచ్చి, తను పొద్దున అడిగినదానికి ఇదేనా జవాబు మాస్టారూ అని అడిగాడు.

మాస్టారు చెప్పులు వేసుకుంటూ, “నన్ను అడిగిన ప్రశ్న కన్నా పిల్లను అడిగిన ప్రశ్న బాగుందిరా,” అన్నారు.