మూరెడు మిగిలిన ఉయ్యాల బల్ల

గుమ్మలపేటలో తెలివి ఎక్కడుందని ఎవరైనా అడిగితే సన్యాసయ్య ఇల్లు చూపించేవారు. చూపించేది ఎవరనుకున్నారు? సన్యాసయ్యే. అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చూపించేవాడు.

"ఈ ఇంట్లో ముగ్గురమండీ. నేను, మా ఆవిడ పైడితల్లి, మా తమ్ముడు సూరిబాబు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడంలో మమ్మల్ని మించినవాళ్ళు జిల్లాలో లేరు."

అది మాత్రం నిజం. మొన్నటికి మొన్న పక్కింటావిడ "పొయ్యి మీద పాలున్నాయి, కాస్త చూస్తూ ఉండవే" అని చెప్పి వెళ్తే, పైడితల్లి ఆ పాలు పొంగి, పొయ్యిలోకి కారి, గిన్నె నల్లగా మాడేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. అంత శ్రద్ధ ఎవరికుంటుంది?

ఇక సూరిబాబు సంగతి. వాడికి ఈమధ్య అన్నం సయించడం లేదు. సింహాద్రి మేస్త్రి కూతురు నూకరత్నం నవ్వితే చాలు, చేతిలో చెంబు కింద పడేస్తున్నాడు. చెంబులన్నీ సొట్టలు పోయాక వదినా అన్నా వాణ్ణి వెంటబెట్టుకుని పిల్లనడగడానికి మేస్త్రి వడ్రంగం షెడ్డుకి వెళ్ళారు.

మేస్త్రి ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. చిటికెన వేలు సగమే ఉంది.

"మిగతా సగం ఎక్కడికి పోయిందో తెలుసా? అదిగో, ఆ చిత్రిక మిషను తినేసింది. నా అల్లుడు నాలా కాకూడదు. ఇదిగో టేకు బల్ల, ఐదు మూరలు. రత్నం పుట్టినప్పుడు కొని దాచాను. చిత్రిక పట్టి, దీన్ని నాలుగు మూరల ఉయ్యాల బల్ల చెయ్యి. పెళ్లయ్యాక మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని ఊగేది దీనిమీదే. నేను పొరుగూళ్ళో తలుపులు బిగించి పొద్దుగూకే వేళకి వస్తాను. బల్ల ఉండాలి, పది వేళ్ళూ ఉండాలి. ఏది తగ్గినా సంబంధం లేదు."

చిత్రిక మిషను తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. బల్ల మీద పెట్టుకునే పెట్టెలాంటిది అది. ఒక పక్కనుంచి చెక్కని లోపలికి తోస్తే, తిరిగే కత్తులు పైపొర చెక్కేస్తాయి. రెండో పక్కనుంచి చెక్క నున్నగా బయటికొస్తుంది. పైన పిడి తిప్పితే కత్తులు ఇంకాస్త కిందికి దిగుతాయి, చెక్క ఇంకాస్త పల్చబడుతుంది. ఆ కత్తులకి టేకుకీ వేలుకీ తేడా తెలియదు. అందుకే మేస్త్రి ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"ఒదులు బట్టలతో దాని దగ్గరికి పోకండి, లాగేస్తుంది. మేకులున్న చెక్క దరిదాపుల్లో ఉండకూడదు, కత్తులు విరుగుతాయి. చప్పుడుకి చెవుడొస్తుంది, చెవులు మూసుకోండి. ప్లగ్గు పీకకుండా కత్తుల దగ్గర చెయ్యి పెట్టొద్దు. ఒక్కసారికి పావు చుట్టే తిప్పాలి, అత్యాశ వద్దు. మూరకంటే పొట్టి ముక్క పెట్టారంటే ఎగిరి మొహాన కొడుతుంది. ఇంకోటి, బల్ల మొదలూ చివరా మిషను బెత్తెడు మేర ఎక్కువగా కొరుకుతుంది. కొరికినంత మేరా కోసి పారెయ్యండి. అర్థమైందా?"

"మాకా అండీ అర్థం కానిది?" అని నవ్వాడు సన్యాసయ్య.

మేస్త్రి అటు వెళ్ళాడో లేదో, ముగ్గురూ ఇంటికి పరిగెత్తి బిగుతు బట్టలు వేసుకొచ్చారు. సన్యాసయ్య పదిహేనేళ్ళ నాటి పెళ్లి చొక్కా తొడుక్కున్నాడు. ఊపిరి పీలిస్తే గుండీలు ఊడిపోయేలా ఉన్నాయి. అందుకని పీల్చడం తగ్గించాడు. సూరిబాబుకి బిగుతు చొక్కా లేదు. వదిన రవిక పట్టీ పట్టనట్టు పట్టింది. పైడితల్లి చీరకి బిగువెక్కడ? కొబ్బరి తాడు తెచ్చి భుజాల నుంచి మోకాళ్ళ దాకా చుట్టించుకుంది. ఇప్పుడావిడ అడుగు వెయ్యలేక గెంతుతోంది.

"ఒదులు అనే మాటే లేదు ఇక," అంది గెంతుతూ.

తరవాత మేకులు. టేకు బల్లని తడిమి చూశారు, ఒక్కటీ లేదు.

"దరిదాపుల్లో అన్నాడు కదా తమ్ముడూ. దరిదాపుల్లో వెతకాలి," అన్నాడు సన్యాసయ్య.

వెతికారు. ఎక్కువ వెతకక్కర్లేకుండానే మేకులు దొరికాయి. మిషను కూర్చున్న బల్ల కాళ్ళకి ఎన్ని మేకులో! సూరిబాబు పటకారుతో ఒక్కొక్కటే పీకాడు. ఆఖరి మేకు ఊడిందో లేదో, అంతే. బల్ల నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయాయి, మిషను దబ్బున నేలమీద పడింది.

"చూశావా! ఎంత ప్రమాదం తప్పిందో," అంది పైడితల్లి. "ఇలాంటి ఒట్టి బల్ల మీద పెట్టాడా ఆయన? పాపం, అందుకే వేలు పోయుంటుంది."

మిషను కింద ఉండటమే నయం అనుకున్నారు. ఇక చెవులు. ముగ్గురూ రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. మరి బల్లని తోసేదెవరు? సన్యాసయ్య ఆలోచించాడు. చిటికెలో తేల్చేశాడు. సూరిబాబు చెవులు తను మూశాడు. తన చెవులు పైడితల్లిని మూయమన్నాడు. ఆవిడ తాళ్ళలోంచి మోచేతులు ఎలాగో బయటికి తీసి మూసింది.

"మరి వదిన చెవులో?" అన్నాడు సూరిబాబు.

"మీ వదిన పదిహేనేళ్ళుగా నా మాట విన్నది లేదు. ఆవిడకేం ఫరవాలేదు."

రైలుపెట్టెల్లా ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. సూరిబాబు చెయ్యి పెట్టే ముందు గుర్తుపెట్టుకుని ప్లగ్గు పీకాడు. బల్లని మిషను నోట్లో పెట్టి నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడంటే, ఎండ గుమ్మంలోంచి గోడమీదికి పాకింది.

"ఏవండీ, చప్పుడు రావడం లేదు," అంది పైడితల్లి.

"చెవులు మూసుకుంటే ఎలా వస్తుందే? మూసుకోమంది అందుకే."

"నా చెవులు తెరిచే ఉన్నాయండీ."

ఇది కొంచెం చిక్కు ప్రశ్నే. సూరిబాబు వంగి చూశాడు. రవ్వంత పొట్టు కూడా రాలలేదు. పొద్దు చూస్తే పడమటికి వాలుతోంది, నూకరత్నం చేజారిపోతోంది. అప్పుడు తట్టింది వాడికి.

"అన్నయ్యా! ప్లగ్గు పీకమన్నాడు గానీ, మళ్ళీ పెట్టొద్దని అనలేదు కదా!"

సన్యాసయ్య కళ్ళు చెమర్చాయి. ఇంత తెలివి తమ్ముడికి ఎప్పుడొచ్చిందో ఆయనకే తెలియదు. ప్లగ్గు పెట్టారు. ఇంకేముంది! మిషను ఒక్క అరుపు అరిచి బల్లని లాక్కుంది. రెండో వైపునుంచి టేకు పసిడిరంగులో నున్నగా బయటికొచ్చింది. నూకరత్నం బుగ్గలాగే ఉందనుకున్నాడు సూరిబాబు.

కానీ మేస్త్రి చెప్పినట్టే మొదట్లో బెత్తెడు, చివర బెత్తెడు గాడి పడింది. కొరికినంత మేరా కోసేశారు.

అక్కడితో ఆగితే పని అయిపోయినట్టే. చివర్లు పాడవుతాయనే మేస్త్రి మూరెడు ఎక్కువ ఇచ్చాడు. ముందు చిత్రికంతా పట్టి, ఆఖర్న ఒక్కసారి కోసి ఊరుకోవాలి. ఇది తెలియడానికి తెలివేమీ అక్కర్లేదు. ఏం లాభం, వీళ్ళ దగ్గర తెలివి తప్ప ఇంకేం లేదు.

"ఇప్పుడు కోసిన ఈ కొత్త చివర్లని మిషను చూడనే లేదు కదా," అన్నాడు సన్యాసయ్య.

"చూపించాల్సిందే," అంది పైడితల్లి.

పావు చుట్టు తిప్పి చూపించారు. మిషను చూసింది, కొరికింది. కోశారు. కొత్త చివర్లొచ్చాయి. చూపించారు. కొరికింది. కోశారు.

"దీనికి ఆకలెక్కువలా ఉంది వదినా," అన్నాడు సూరిబాబు ఏడోసారి.

"తిననీ. కడుపు నిండితే అదే మానేస్తుంది."

పన్నెండోసారి కోశాక సూరిబాబు బల్లని కొలిచి గావుకేక పెట్టాడు. "ఆపండి! సరిగ్గా మూర! ఇంకొక్కసారి కోశామంటే ప్రమాదం!"

ముగ్గురూ చెమట తుడుచుకున్నారు. గండం గడిచింది. ఎంత జాగ్రత్తగా పనిచేశారో తలుచుకుంటే ఒళ్ళు పులకరించింది. కాబోయే వియ్యంకుడు అలిసిపోయి వస్తాడని, కోసిన టేకు ముక్కలన్నీ పొయ్యిలో పెట్టి పైడితల్లి వేణ్ణీళ్ళు కూడా కాచింది.

మేస్త్రి వచ్చాడు. నేలమీదున్న మిషనుని చూశాడు, తాడు చుట్టుకున్న పైడితల్లిని చూశాడు, రవికలో ఉన్న కాబోయే అల్లుణ్ణి చూశాడు. ముందు వేళ్ళు లెక్కపెట్టాడు. పదీ ఉన్నాయి. మొహం విప్పారింది.

"శభాష్. బల్లేదిరా?"

సూరిబాబు చంకలోంచి తీసి ఇచ్చాడు.

"ఇది ముక్క. బల్లేదీ?"

"అదే మామయ్యా బల్ల. మూరకంటే పొట్టి పెట్టొద్దన్నారుగా, మూర దగ్గర ఆపేశాం."

"మిగతా టేకో?"

"అన్నయ్యగారూ, నీళ్ళు చల్లారకముందే స్నానం చేసేయండి," అంది పైడితల్లి. "ఆ కట్టెలకి ఎంత బాగా కాగాయో!"

మేస్త్రి ఉన్నపళాన చెక్కపొట్టులో చతికిలబడ్డాడు. "ఇరవై ఏళ్ళు దాచాను కదరా! ఇద్దరు పక్కపక్కన కూర్చోవాల్సిన బల్ల ఇది. ఇప్పుడు ఒక్క మనిషికే చోటు. సంబంధం లేదు, ఏమీ లేదు, పొండి!"

సూరిబాబుకి కళ్ళముందు షెడ్డంతా గిర్రున తిరిగింది. "దీనిమీద ఇద్దరూ పట్టే ఉపాయం చెబితే పిల్లనిస్తారా మామయ్యా?"

"ఓ, దివ్యంగా! చెప్పండి బాబూ చెప్పండి. మహా తెలివైనవాళ్ళు కదా! మూరెడు చెక్క మీద ఇద్దర్ని కూర్చోబెట్టండి, ఇప్పుడే ఇక్కడే తాంబూలాలు మార్చుకుందాం."

ముగ్గురూ ఆలోచించారు. సన్యాసయ్య ఎంత గట్టిగా ఆలోచించాడంటే పెళ్లి చొక్కా వీపున చిరిగింది. ఉపాయం మాత్రం రాలేదు. సూరిబాబు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు నూకరత్నం మజ్జిగ గ్లాసులతో షెడ్డులోకి వచ్చింది. మూరెడు చెక్కని చూసింది, సూరిబాబుని ఎగాదిగా చూసింది, తండ్రివైపు తిరిగింది.

"ఇంత చిన్నదానికి ఎందుకు నాన్నా ఇంత రగడ? చెక్కని పల్చన చేసే మిషను ఉండనే ఉంది కదా. మమ్మల్నిద్దర్నీ కాస్త పల్చన చేస్తే ఆ బల్ల మీద హాయిగా పడతాం."

సూరిబాబు గుండె ఉప్పొంగింది. ఇంత తెలివైన పిల్లని తను కాక ఇంకెవరు చేసుకోగలరు?

"మన ఇంటి పిల్లేనే!" అన్నాడు సన్యాసయ్య పెళ్ళాంతో.

నూకరత్నం అప్పటికే జడ ముడేసి, పైట బిగించి, మిషను ముందు బోర్లా పడుకుంది. సూరిబాబు ఆమె వెనకాల వరసలో పడుకున్నాడు. సన్యాసయ్య పిడి మీద చెయ్యి వేశాడు.

మేస్త్రి ఎగిరి ప్లగ్గు పీకాడు. అంత బరువు మిషనునీ ఒక్క ఊపున ఎత్తి నెత్తిన పెట్టుకుని వీధిలోకి పరుగు లంకించుకున్నాడు.

"చూశావా, మాటంటే మాటే ఆయనకి!" అన్నాడు సన్యాసయ్య మెచ్చుకోలుగా. "తాంబూలాలకి ఎలా పరిగెడుతున్నాడో!"

నూకరత్నం లేచి చెక్కపొట్టు దులుపుకోకుండానే తండ్రి వెంటపడింది.

"నాన్నా, ఆగు నాన్నా! పోనీ, ఒక్క నడుం దగ్గరైనా, పావు చుట్టు!"