వెయ్యి పళ్ళ ఎద్దు, పళ్ళు రాని దూడ

గిత్తలపాడులో దేవళ్ళవారి ముగ్గురన్నదమ్ములకి ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏడూళ్ళలో ఎవరికీ లేదు. ఈ మాట ఆ ఏడూళ్ళవాళ్ళు అనలేదు లెండి, ఆ ముగ్గురే అనుకునేవాళ్ళు. పెద్దవాడు పేరయ్య, నడిమివాడు మాల్యాద్రి, చిన్నవాడు నరసింగు. ఓసారి వానాకాలంలో తాపీమేస్త్రి అటుగా పోతూ, "మీ గోడ పడిపోయేట్టుంది, కాస్త చూసుకోండయ్యా" అన్నాడు. అంతే, ముగ్గురూ గోడకి ఎదురుగా పీటలు వేసుకుని కూర్చుని చూశారు. మూడో రోజుకి గోడ పడిపోయింది. "మనం కూర్చుని చూశాం కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎప్పుడు పడిందో కూడా తెలిసేది కాదు" అనుకుని లేచి కాళ్ళు కడుక్కున్నారు.

ముగ్గురిలోనూ మాల్యాద్రి ఇంకాస్త గట్టి బుర్ర. పశువుల సంతలో ఎద్దును ఎంచాలంటే తనే ఎంచాలని ఆయనకి మహా నమ్మకం. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, తాడు పట్టి నడిపిస్తాడు, తువ్వాలు కింద వేళ్ళు నొక్కి బేరం తెంపుతాడు. ఇప్పటిదాకా ఎనిమిది ఎడ్లు ఎంచాడు. అందులో మూడు ఆవులు. "చూశారా నా ఎంపిక, బండీ లాగుతుంది, పాలూ ఇస్తుంది" అని ఆ పాలే తాగుతూ మీసం తుడుచుకునేవాడు.

పేరయ్యకి ఒక్కతే కూతురు, హిమజ. అమ్మమ్మగారింట పెరిగి చదువుకుని వచ్చింది. ఏం చెప్పినా ఎందుకు, ఏమిటి అని అడుగుతుంది. "పాపం, తెలివి తక్కువ పిల్ల" అని ముగ్గురికీ లోలోపల దిగులు. మాల్యాద్రికయితే ఆ పిల్లంటే ప్రాణం. కంప్యూటర్ మీద ఆమె గీసిన ఎడ్లు తెర మీద పరిగెడుతుంటే పక్కనే నిలబడి అదిలించేవాడు.

ఆ బొమ్మల పుణ్యమా అని హిమజకి ఒక దారి దొరికింది. హైదరాబాదులో బొమ్మల సినిమాలు తీసే కంపెనీవాళ్ళు, "ఆదివారం సాయంత్రానికల్లా మూడు నిమిషాల బొమ్మల కథ పంపు, నచ్చితే ఉద్యోగం" అన్నారు. పంపలేకపోతే సోమవారం నుంచి మిరపకాయల తొడిమలు తీసే పనికి పోవాలి. ఆ కూలీల మేస్త్రి అప్పుడే పేరు కూడా రాసుకున్నాడు. హిమజ కథంతా గీసేసింది. కానీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ ముసలిది, ఒక్కో బొమ్మని కదిలించడానికి ఒక్కో పూట తీసుకుంటోంది. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదోనని హిమజ దాని ముందు నుంచి కదలడం లేదు.

గురువారం పొద్దున్నే బాబాయిని పిలిచింది. "బాబాయ్, దీనికి మంచి ప్రాసెసర్ కావాలి. ఒంగోలు వెళ్ళి తేవాలి."

"అదేంటి తల్లీ?"

హిమజ ఆలోచించింది. ఈ ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి కదా అనుకుంది. అక్కడే వచ్చింది చిక్కంతా.

"కంప్యూటర్ అంటే బండి అనుకో బాబాయ్. ప్రాసెసర్ ఎద్దు. పనంతా లాగేది అదే. మన ఎద్దు ముసలిదైపోయింది."

మాల్యాద్రి ముఖం వెలిగిపోయింది. "ఈ మాట మొదటే చెప్పొద్దూ" అని పంచె ఎగ్గట్టాడు.

నరసింగు అడ్డం వచ్చాడు. ఆయన పొద్దస్తమానం ఆ కంప్యూటర్ మీద ఎడ్ల పందేల ఆట ఆడుతుంటాడు. "ఉత్త బొమ్మలకేనా, నా ఆటకి కూడా పనికిరావాలి" అన్నాడు.

"రెండింటికీ పనికొచ్చేదే రాశాను చిన్నబాబాయ్" అని హిమజ ఒక చీటీ ఇచ్చింది. "ఈ చీటీ రహంతుల్లాగారి కంప్యూటర్ల కొట్లో ఇచ్చి రండి. అంతా ఆయనే చూసుకుంటాడు."

ఇంకేముంది, ముగ్గురూ బస్సెక్కి ఒంగోలు వెళ్ళారు, చీటీ ఇచ్చారు, వచ్చేశారు. రహంతుల్లా చీటీ చదివి తలెత్తేసరికి ఎదురుగా ఎవరూ లేరు. పాపం బస్టాండు దాకా పరిగెత్తాడట. బస్సు కదిలిపోతుంటే "మీ సరుకు, మీ సరుకు" అని కేకేశాడు. పేరయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, "చీటీ ఇచ్చి రమ్మన్నారు, ఇచ్చేశాం" అని నమస్కారం పెట్టాడు.

హిమజ తల పట్టుకుంది. శుక్రవారం మళ్ళీ పంపింది. పంపడానికి ఆ ఇంట్లో వేరే మనుషులు లేరు కదా. "ఈసారి బాగా చూసి, తీసుకుని మరీ రండి" అంది.

బాగా చూడమంటే మాల్యాద్రికి చెప్పాలా? రహంతుల్లా వాళ్ళని చూడగానే ఓ నీలం పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "మీ పాప రాసింది ఇదేనండీ. దీన్ని బిగించే బోర్డు కూడా రాసింది. రెండూ కట్టమంటారా?"

మాల్యాద్రి నవ్వాడు. "కాగితం చూసి ఎద్దును కొన్నవాణ్ణి ఎక్కడైనా చూశావా? నేను చూసుకుంటాను. బోర్డూ గీర్డూ వద్దు, బండి మా ఇంట్లోనే ఉంది. ఎద్దు చాలు."

రహంతుల్లాకి ఈ ఎద్దు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాలేదు. అయినా బేరం పోగొట్టుకోవడం ఎందుకని చెప్పుకుపోయాడు. "ఇందులో పదహారు కోర్లు ఉంటాయండీ. అంటే పదహారుమంది ఒకేసారి కూర్చుని పనిచేసినట్టు."

పేరయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "పదహారుమందికి రెండు పూటలా ఎవరు వండి పెడతారయ్యా?"

"తిండి అక్కర్లేదండీ, కరెంటు చాలు."

"ఉపవాసాలవాళ్ళన్నమాట" అని పేరయ్య దణ్ణం పెట్టాడు.

"ముందు నోరు తెరువు, పళ్ళు చూడాలి" అన్నాడు మాల్యాద్రి.

రహంతుల్లా అయోమయంగా తన నోరు తెరిచాడు. "నీది కాదయ్యా, దానిది." పెట్టె తెరిచి చూస్తే అరచేతిలో పట్టేంత బిళ్ళ. తిరగేశాడు. అడుగున నున్నగా ఉంది, ఒక్క పన్ను లేదు.

"ఇది ఎప్పుడు పుట్టింది?"

"ఈ సంవత్సరమే వచ్చిందండీ. సరికొత్తది."

మాల్యాద్రి తమ్ముడి వంక చూసి కన్ను గీటాడు. "పళ్ళు కూడా రాని దూడని అంటగడుతున్నాడురా. మనం కనిపెట్టలేం అనుకున్నాడు."

పక్కనే ఎర్ర పెట్టెలో ఇంకో బిళ్ళ ఉంది. దాని అడుగున సన్నని సూదుల్లా పళ్ళే పళ్ళు. రహంతుల్లా వద్దంటున్నాడు, అది అయిదేళ్ళనాటి రకమండీ, ఇప్పుడు ఆ సూదులు ఉండవండీ, మీ పాప పనికి నిదానమైపోతుందండీ అని. వింటేగా. అయిదేళ్ళ ఎద్దంటే మంచి వయసు. ముగ్గురూ గుమిగూడి పళ్ళు లెక్కపెట్టారు. నాలుగొందల దాకా వెళ్ళాక నరసింగు తుమ్మాడు, మళ్ళీ మొదటికొచ్చారు. మధ్యాహ్నం భోజనాల వేళకి లెక్క తేలింది. వెయ్యీ మూడొందల ముప్ఫయి ఒకటి.

మాల్యాద్రికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "ఎనిమిది పళ్ళుంటే నిండు నోరంటాం. నా జన్మలో ఇలాంటి ఎద్దును చూడలేదు. ఏదీ, కాస్త నడిపించు."

"ఇది నడవదు సార్, పరుగే" అన్నాడు రహంతుల్లా, అలవాటు కొద్దీ.

"అయితే తాడు కట్టి ఇవ్వు."

అప్పుడు పేరయ్యకి అసలు సంగతి తట్టింది. "ఒరే, ఒంటెద్దుని కొంటున్నామేమిట్రా? జోడీ ఉండొద్దూ?" నరసింగు వెంటనే, "ఆ దూడని నా ఆటకి తీసుకుందాం అన్నా. ఎద్దు పని చేస్తుంది, దూడ ఆడుకుంటుంది" అన్నాడు. ఇంత తెలివైన మాట విని ముగ్గురూ ఒకళ్ళ వీపు ఒకళ్ళు తట్టుకున్నారు. ఆ రెండూ వేరువేరు కంపెనీలవి, ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు అని రహంతుల్లా మొత్తుకున్నాడు. "నా చేతిలో పడితే ఏవైనా జతకడతాయి" అన్నాడు మాల్యాద్రి.

ఇక బేరం. మాల్యాద్రి భుజం మీది తువ్వాలు తీసి రహంతుల్లా చేతి మీద కప్పి, కింద నుంచి రెండు వేళ్ళు పట్టి నొక్కాడు. నాడి చూస్తున్నాడనుకుని రహంతుల్లా, "నాకు జ్వరం లేదండీ" అన్నాడు. మూడు వేళ్ళు నొక్కాడు. "బేరాల్లేవు సార్, ధర పెట్టె మీదే వేసుంటుంది." మాల్యాద్రి తువ్వాలు దులిపి అన్న చెవిలో చెప్పాడు. "మూడో వేలు నొక్కేసరికి దారికొచ్చాడు. పెట్టె మీద ఎంతుందో అంతకే ఒప్పుకున్నాడు."

దాంతో తెచ్చిన డబ్బంతా అయిపోయింది. బిళ్ళలకి చెరో దారం కట్టి, దారం చివర మాల్యాద్రి మణికట్టుకి చుట్టుకుని, దారి పొడుగునా గట్టిగా పట్టుకుని ఇంటికొచ్చాడు.

రెండు బిళ్ళల్నీ దారాల్నీ చూసి హిమజ ముందు ఏడ్చింది. తరవాత నీలం పెట్టె చూసి కళ్ళు తుడుచుకుంది. తను రాసింది ఇదే. పర్వాలేదు, బోర్డు ఒక్కటే తక్కువ. రహంతుల్లాకి ఫోన్ చేసింది. అతను మంచివాడు. "రేపు రెండూ తీసుకురండమ్మా. ఎర్రది వెనక్కి తీసుకుని ఆ ధరకి బోర్డు ఇస్తాను, నేనే బిగించి పెడతాను. కాకపోతే ఒకటి బాగుండి ఒకటి బాగాలేకపోతే ఒప్పుకోను. రెండూ బాగుండాలి" అన్నాడు. ఆ మాట పక్కనున్న మాల్యాద్రి చెవిన పడింది. రాత్రంతా ఆయన దాని మీదే ఆలోచించాడు.

శనివారం తెల్లవారింది. మధ్యాహ్నం బస్సుకి హిమజే స్వయంగా ఒంగోలు వెళ్ళాలి. ఈలోపు ఇంకో మంచి సంగతి. ముసలి కంప్యూటర్ ఎలాగో ఓపిక తెచ్చుకుని బొమ్మలన్నిటినీ ఒక్క కథగా కూర్చుతోంది. నూటికి తొంభై ఆరు వంతులు అయింది. ఆ నాలుగూ అయిపోతే అప్పుడే పంపేయొచ్చు. అసలు కొత్తదే అక్కర్లేదు. అది ఆగిపోతే కొత్త బిళ్ళ ఉండనే ఉంది. ఎటు చూసినా ఉద్యోగం వచ్చినట్టే అనిపించి, మూడు రోజులుగా స్నానం లేదు కదా, తలంటుకుందామని లేచింది.

"బాబాయ్, దీన్ని ముట్టుకోకుండా చూస్తూ ఉండు. నూరు పడగానే నన్ను పిలువు" అని దొడ్లోకి వెళ్ళింది.

మాల్యాద్రి కూర్చుని చూశాడు. తొంభై ఏడు. కంప్యూటర్ లోపల ఫ్యాను రొప్పుతోంది. తొంభై ఎనిమిది. పెట్టె మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ముసలి ప్రాణం, చివరి పందెం లాగుతోంది అనుకున్నాడు. "లాగు నాయనా, ఇంకొక్క బారెడు" అని అదిలించాడు. తొంభై తొమ్మిది. నూరు.

"హిమజా" అని పిలిచాడు. నీళ్ళ చప్పుడులో ఆమెకి వినపడలేదు. ఎన్నిసార్లు పిలవాలో ఆమె చెప్పలేదు కాబట్టి ఒక్కసారితో సరిపెట్టాడు. ముట్టుకోవద్దన్నది నూరు పడేదాకానే కదా. పందెం గెలిచిన ఎద్దుని రొప్పుతూ నిలబెట్టి వదిలేసే పాపిష్టివాడా మాల్యాద్రి? ముందు కాడి విప్పాలి. తీగలన్నీ పీకేశాడు. మూత విప్పి, ఎత్తుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, రెండు బిందెల చన్నీళ్ళు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, పసుపు రాసి, బొట్టు పెట్టి, నీడన పడుకోబెట్టాడు.

హిమజ తడి జుట్టుతో వచ్చేసరికి పెట్టెలోంచి పసుపునీళ్ళు కారుతున్నాయి. ఎదురుగా పళ్ళెంలో నానబెట్టిన ఉలవలు ఉన్నాయి.

"నూరు పడింది తల్లీ, గెలిచింది" అన్నాడు మాల్యాద్రి. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, సంతోషంతో.

హిమజ మీట నొక్కి చూసింది, పెట్టె ఇంకో గుక్కెడు నీళ్ళు కక్కింది. అరవలేదు, ఏడవలేదు. వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుంది. "పోనీలే. గీసిన బొమ్మల నకళ్ళు నా దగ్గర విడిగా ఉన్నాయి. కొత్త బిళ్ళతో రహంతుల్లాగారి కొట్లోనే అయితే ఒక్క పూటలో అంతా మళ్ళీ కూర్చేయొచ్చు. బస్సుకి గంట టైముంది. ఆ రెండూ ఇలా ఇవ్వండి" అంది.

పేరయ్య, నరసింగు కొట్టంలోంచి వచ్చారు. పొద్దుట్నుంచీ ఇద్దరూ అక్కడే ఉన్నారు. పేరయ్య చేతిలో ముళ్ళు తీసే చిమటా ఉంది. నరసింగు వేళ్ళకి చెప్పులు అతికించే జిగురు అంటుకుని ఉంది.

"ఏం చేశారు?" అంది హిమజ, వద్దు వద్దనుకుంటూనే.

"ఏం కంగారుపడకు తల్లీ, ఆలోచన నాదే" అన్నాడు మాల్యాద్రి. "ఒకటి బాగుండి ఒకటి బాగాలేకపోతే ఒప్పుకోనన్నాడు గదా ఆ కొట్టాయన. ఎద్దుకేమో వెయ్యీ మూడొందల ముప్ఫయి ఒక్క పళ్ళు, దూడకి ఒక్కటీ లేదాయె. అందుకని ఎద్దు పళ్ళు సగం పీకించి దూడకి అతికించాం. చెరి ఆరొందల అరవై అయిదు. ఇప్పుడు ఏది ఎద్దో ఏది దూడో ఆయనే కనిపెట్టలేడు."

నరసింగు రెండు బిళ్ళల్నీ అరచేతిలో పెట్టి చూపించాడు. జిగురింకా ఆరలేదు.

హిమజ తడి మెట్టు మీద కూలబడిపోయింది. పెదాలు మాత్రం కదిలాయి, తనకి తెలియకుండానే లెక్క కట్టింది. "వెయ్యీ మూడొందల ముప్ఫయి ఒకటిలో ఇంకోటి ఏది?"

మాల్యాద్రి ఆ పిల్ల పక్కనే కూర్చుని తల నిమిరాడు. ఇన్నాళ్ళకి పిల్లకి కాస్త తెలివి వస్తోందని ఆయనకి ధైర్యం కలిగింది.

"ఒకటి మిగిలిందమ్మా. పిల్లలకి పాలపన్ను ఊడితే చేసినట్టే పేడముద్దలో పెట్టి ఇంటి మీదకి విసిరేశాం. రేపు పొద్దుటికల్లా దూడకి సొంత పన్ను వస్తుంది."