రెండో కార్డుకి చోటేదీ?

పూర్వమో నిన్నమొన్నో గానీ, ఒక ఊళ్లో ముకుందరాజుగారని ఒక దొర ఉండేవారు. ఆయన సావిట్లో ఒకటే కుర్చీ. అందులో దొర కూర్చుంటారు. వచ్చినవాళ్లు ఎంత ముసలివాళ్లైనా నిలబడాల్సిందే.

దొరకి కంప్యూటర్ ఆటల పిచ్చి. రెండు గ్రాఫిక్స్ కార్డులతో కంప్యూటర్ బిగించమనీ, వాటికి తగ్గ మదర్‌బోర్డు నువ్వే చూసి తెమ్మనీ, ఊళ్లో కంప్యూటర్లు బిగించే పైడితల్లికి చెప్పారు. ఆమె వెంట ముసలి మామ సన్యాసి కూడా వచ్చాడు. దొర మనుషులు అతని ఇంటిదారికి అడ్డంగా కంచె వేశారు. ఆ మాట చెప్పుకుందామని పొద్దుటినుంచీ నిలబడ్డాడు గానీ, నోట మాట పెగల్లేదు.

పైడితల్లి ఒక కార్డు బోర్డులో పెట్టి, రెండోదాన్ని గోడకి చేరేసింది.

"అది బయటుందేమే?" అన్నారు దొర.

"ఈ బోర్డులో ఒకదానికే చోటు బాబూ. తమ సావిట్లోనూ ఆసనం ఒకటే కదా, రెండోవాళ్లు నిలబడాలి కదా అని ఇదే తెచ్చాను."

"మతి ఉందా నీకు? బోర్డులో కూర్చోకుండా కార్డు పనెలా చేస్తుంది?"

"చెయ్యదు బాబూ. మా మామా అంతే. నిలబెడితే మాట రావట్లేదు."

దొర ముఖం పాలిపోయింది. లేచి, సన్యాసిని తన కుర్చీలోనే కూర్చోబెట్టారు. ముసలాయన సిగ్గుతో ముడుచుకుని, కంచె సంగతి చెప్పాడు. దొర నిలబడే విన్నారు.

"రేపే తీయించేస్తాను" అన్నారు నేల చూపులు చూస్తూ.

పైడితల్లి సంచిలోంచి రెండు కార్డులు పట్టే బోర్డు తీసింది.

"ఇది ముందే తెచ్చావా?"

"తెచ్చాను బాబూ" అంది ఆమె తలెత్తకుండా. "తమరు లేస్తారో లేవరో తెలీక దాచాను."