గానుగెద్దుకి ఒక్క రోజు బ్రేకు

అడవి అంచున, వాగు మలుపు తిరిగే చోట, నక్క వరదయ్య నూనె గానుగ ఉంది. "నక్క బావా" అంటే వరదయ్య పలకడు. "ప్రొప్రైటరు గారూ" అనాలి. ప్రొప్రైటరు గారు పొద్దున్నే గుమ్మంలో కూర్చుని మీసాలకి నువ్వుల నూనె పట్టిస్తుంటాడు. గానుగ తిప్పేది మాత్రం మైలోడనే ఎద్దు. పదకొండేళ్లుగా కళ్లకి గంతలు కట్టుకుని వాడే తిప్పుతున్నాడు.

ఈ కథ జరిగిన రోజున మైలోడు గానుగ తిప్పడం లేదు. మెడ మీద కాడి లేదు, కళ్లకి గంతలు లేవు. అయినా కంచె బయట గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు. తెల్లారినప్పటి నుంచీ తిరిగి తిరిగి అక్కడ గడ్డి అణిగి బాట పడిపోయింది.

"అన్నా, కాసేపు ఆగుదూ. నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది మేక నాంచారి.

"ఆగితే భయమేస్తోందే. ఇవాళ ఖాళీ రోజు గదా."

ఖాళీ రోజంటే ఏమిటో చెప్పాలి. చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది, అయినా చెబుతాను. ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా ఒక యజమాని దగ్గర ఏడాది పొడుగునా విడవకుండా పనిచేస్తే, ముసలితనంలో వాణ్ణి బయటికి గెంటకూడదు. బతికున్నన్నాళ్లూ నీడా మేతా యజమానే చూడాలి. మంచి కట్టుబాటే. అందుకే వరదయ్య ఎవరికీ ఏడాది నిండనివ్వడు. పదకొండు నెలలకి అగ్రిమెంటు రాస్తాడు. గడువు తీరిన మర్నాడు ఎద్దుని కొట్టం బయట నిలబెట్టి, "ఇవాళ నువ్వెవరో నేనెవరో," అంటాడు. ఆ మర్నాడు పిలిచి కొత్త కాగితం మీద గిట్ట ముద్ర వేయించుకుంటాడు. ఇలా పదకొండేళ్లలో పన్నెండు కాగితాలయ్యాయి. ఆ కాగితాల ప్రకారం చూస్తే మైలోడు ఎప్పుడూ కొత్తగా చేరినవాడే.

మైలోడు ఏనాడూ ఇదేమిటని అడగలేదు. ముద్రేగా అనుకున్నాడు. మూడేళ్ల కిందట పుల్లోడి సంగతి చూశాకే వాడికి భయం పట్టుకుంది. పుల్లోడు ఆ గానుగకే కట్టిన రెండో ఎద్దు. భుజం దెబ్బతిన్న ఏడాది వాడికీ ఖాళీ రోజొచ్చింది. మర్నాడు వరదయ్య పిలవలేదు. పుల్లోడు ఇదే కంచె దగ్గర మూడు రోజులు గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు. నాలుగో రోజు అక్కడ లేడు. ఎటు పోయాడో ఎవరూ చూడలేదు.

"మోకాలు టకటకమంటోంది నాంచారీ. నిన్న ప్రొప్రైటరు గారు విన్నాడు," అన్నాడు మైలోడు ఇంకో చుట్టు తిరిగొచ్చి.

"తిట్టాడా?"

"తిడితే బాగుండేది. ఏమీ అనకుండా కాలికేసి చూశాడు. అప్పుడు పుల్లోడి భుజాన్ని కూడా అలాగే చూశాడు."

ఇంతలో వరదయ్యే బయటికొచ్చాడు. చేతిలో కొత్త కాగితం ఉంది. కంచె మీదుగా దాన్ని ఊపి, "ఒరే మైలోడా, రేపు పెందలాడే వచ్చి ముద్ర వేసెయ్. ఈసారి ఒక్క నెలకే," అన్నాడు.

"నెలకేనా అయ్యా? ఎప్పుడూ పదకొండు గదా!"

"ఎప్పుడూ ఎప్పుడూ అంటావేంట్రా, నువ్వేమైనా పర్మనెంటా? ఎలుగుబంటి భూషయ్య గారి కూతురి పెళ్లికి ఐదు రోజుల్లో నలభై కుండల నూనె ఇస్తానని ఒప్పుకున్నా. అడ్వాన్సు కూడా పుచ్చుకున్నా. ముందు అది కానీ. తర్వాత సంగతి తర్వాత."

"అయితే ఇవాళే కాడి కట్టండయ్యా. పని తొందరలో ఉన్నారు గదా."

వరదయ్య నవ్వాడు. "ఇవాళ కడితే లెక్క చెడిపోతుంది నాయనా. ఇవాళ నువ్వెవరో నేనెవరో. కొట్టంలోకి రాకు. తెలకపిండి కూడా రేపే," అని లోపలికి వెళ్లిపోయాడు.

నాంచారి గొంతు తగ్గించింది. "అన్నా, ఒక మాట చెబుతాను, బెదరకు. అవతలి గట్టు నుంచి ఒక కోడెని మాట్లాడుకున్నాడు. నిన్ననే దాని మెడకి కాడి కొలత తీసుకెళ్లారు. వచ్చే నెలకి ఆ కోడె వస్తుంది."

మైలోడు మళ్లీ తిరగడం మొదలెట్టాడు, ఈసారి ఇంకా జోరుగా.

ఈ నాంచారి గురించి రెండు మాటలు చెప్పాలి. పంచాయతీ పెద్దల చావడి వెనక పారేసే కాగితాలన్నీ తినేది ఆవిడే. అయితే చదవకుండా ఏ కాగితమూ తినదు. అలా చదివీ తినీ అడవిలో ఉన్న రూళ్లన్నీ ఆవిడ కడుపులోకి చేరాయి. ఏడాది కట్టుబాటు సంగతి కూడా అలాగే తెలిసింది. కానీ పుల్లోడు వెళ్లిపోయిన ఆర్నెల్లకి గాని ఆ కాగితం ఆవిడ నోటికి అందలేదు. ఆ బాధ ఆవిడకి ఇప్పటికీ అరగలేదు.

మైలోడు అలా తిరుగుతుండగానే వడ్రంగిపిట్ట చెట్టు మొద్దు మీద టకటకా కొడుతూ దండోరా వేసింది.

"వాగు కట్ట తెగిందహో! పని లేనివాళ్లందరూ మధ్యాహ్నానికల్లా నల్లరాయి దగ్గరికి రావాలహో! రెండు నెలలు మట్టి మోయాలి! ఎవరి దగ్గరైనా పనిలో ఉన్నవాళ్లకి మినహాయింపు!"

నాంచారి నెమరు ఆపేసింది.

"అన్నా, ఇవాళ నువ్వెవరి దగ్గర పనిలో ఉన్నావు?"

"ఎవరి దగ్గరా లేను. విన్నావు గదా."

"అయితే పద నల్లరాయి దగ్గరికి."

"ఈ మోకాలితో మట్టి మొయ్యడానికా? వారం తిరక్కుండా చస్తానే!"

"నీ చేత మొయ్యనిస్తాడా నీ ప్రొప్రైటరు? పరిగెత్తుకుంటూ రాడూ! నువ్వు పేరు రాయించుకోడానికి వరసలో నిలబడు, అంతే. అడిగితే నిజమే చెప్పు. అబద్ధాలేమన్నా ఉంటే ఆయన చెప్పుకుంటాడు."

"రాకపోతే?"

నాంచారి కంచె దగ్గరికి జరిగింది. "రాకపోతే మొయ్యాలి అన్నా. నీకు మస్కా కొట్టను. ఇక్కడుంటే ఒక నెల గ్యారంటీ. అక్కడికొస్తే ఏ గ్యారంటీ లేదు. కానీ నెల తర్వాత ఇదే కంచె దగ్గర నువ్వు కూడా గుమ్మం వైపు చూస్తూ నిలబడితే నేను చూడలేను."

మైలోడు ఇంకో చుట్టు తిరిగాడు. తను తొక్కిన బాట వాడి కళ్ల ముందే ఉంది, ఎంత తిరిగినా మొదలుపెట్టిన చోటికే తెస్తోంది. కంచె మూల దాకా వచ్చి, ఎప్పుడూ మళ్లే చోట మళ్లకుండా, తిన్నగా నల్లరాయి దారి పట్టాడు.

నల్లరాయి దగ్గర అప్పటికే పెద్ద వరస ఉంది. అడవి పెద్ద ఏనుగు రాయి పక్కన నిలబడి ఒక్కొక్కళ్లకీ తట్ట ఇప్పిస్తున్నాడు. కొంగ కరణం ఒంటికాలి మీద నిలబడి పుస్తకంలో పేర్లు రాస్తున్నాడు. మైలోడికి నిలకడగా ఉండటం చేతకావడం లేదు. గిట్టలతో నేల రాస్తున్నాడు, మాటిమాటికీ దారి వైపు చూస్తున్నాడు. ముందు ముళ్లపంది వంతు అయింది. తర్వాత ఉడుముది అయింది. దారి మీద ఎవరూ రావడం లేదు.

"పేరు?" అన్నాడు కరణం.

"మైలోడండి."

"నువ్వా! వరదయ్య గానుగ ఎద్దువి గదా. నీకిక్కడేం పని?"

"ఇవాళ నేను ఆయన దగ్గర పనిలో లేనండి. ఆయనే చెప్పాడు."

ఏనుగు వాడి మోకాలి వైపు చూసి, "వరసలోంచి పక్కకొచ్చి నిలబడు. మిగతావాళ్లయ్యాక నీకు తట్ట ఇప్పిస్తాను," అన్నాడు. మైలోడు మళ్లీ దారి వైపు చూశాడు.

అదే సమయానికి నాంచారి గానుగ గుమ్మంలో ఉంది. "ప్రొప్రైటరు గారూ, మీకు సంబంధం లేని సంగతే అనుకోండి. ఇవాళ మీరెవరో వాడెవరో. మైలోడు కట్ట పనికి పేరు ఇస్తున్నాడు. రెండు నెలలట."

వరదయ్య ఒక వైపు మీసానికే నూనె రాసుకున్నాడు. "రెండు నెలలా! పెళ్లి ఐదు రోజుల్లో పెట్టుకుని రెండు నెలలా!" అని అరిచి, రెండో మీసం అలాగే వదిలేసి, చేతికందిన కాగితాలన్నీ పట్టుకుని పరుగు తీశాడు.

వచ్చీ రాగానే, "పెద్దయ్యా, ఆపండి! వాడు పని లేనివాడు కాడు. నా ఎద్దు!" అన్నాడు రొప్పుతూ.

"కాగితం ఉందా?"

వరదయ్య ఇచ్చాడు. కరణం చదివి, "ఇది నిన్నటితో అయిపోయింది," అన్నాడు.

"రేపు కొత్తది రాసుకుంటాం. ఇదిగో, రాసి కూడా పెట్టాను."

"నిన్నటిదీ ఉంది, రేపటిదీ ఉంది. బాగుంది," అన్నాడు ఏనుగు. "ఇవాళ వీడెవరి మనిషి?"

వరదయ్య అటూ ఇటూ చూశాడు. రాయి పక్కన ఒక తట్ట ఖాళీగా ఉంది.

"కాగితాలదేముంది పెద్దయ్యా, అవన్నీ లాంఛనం. వీడు నా ఇంటి మనిషి! పదకొండేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు కూడా నా గానుగ పని వదల్లేదు. కావాలంటే వాణ్ణే అడగండి."

"నిజమేనా?" అని ఏనుగు మైలోణ్ణి అడిగాడు.

"నేనెప్పుడూ వదల్లేదండి," అన్నాడు మైలోడు. అది నిజమే.

కరణం చకచకా రాసేసి పైకి చదివాడు. "మైలోడు అను ఎద్దు పదకొండేళ్లుగా, ఒక్క రోజు కూడా విడవకుండా, వరదయ్య వద్ద పనిచేయుచున్నాడని వరదయ్యే స్వయంగా చెప్పినాడు. ఇక్కడ ముద్ర వెయ్యండి."

"కరణం గారూ," అంది వెనక నుంచి నాంచారి, "పనిలో పనిగా ఆ పుస్తకం మొదట్లో ఉన్న ఏడాది కట్టుబాటు కూడా చదవండి. వినడానికి సొంపుగా ఉంటుంది."

కరణం పేజీలు తిప్పి చదివాడు. నీడా, మేతా, బతికున్నన్నాళ్లూ. చదవడం పూర్తయ్యేసరికి వరదయ్య తోక రెండు కాళ్ల మధ్యకి పోయింది.

"అబ్బెబ్బే, నా ఉద్దేశం అది కాదు! ఇవాళ ఖాళీ రోజు. ఇవాళ వీడు నా మనిషి కాడు."

"కాకపోతే గొడవే లేదు," అన్నాడు ఏనుగు. "మైలోడా, తట్ట ఎత్తుకో."

మైలోడు వంగాడు. తట్ట తలకి తగిలిందో లేదో, బండరాళ్ల అవతల నుంచి భూషయ్య లేచాడు. కట్ట తెగి తన పెరట్లోకే నీళ్లొస్తుంటే రాళ్లు దొర్లించడానికి వచ్చాడాయన.

"వరదయ్యా, ఈ ఎద్దు కట్ట పనికి పోతే నా నలభై కుండలు ఎవరు ఆడిస్తారు? నువ్వు కాడి కింద దూరతావా?"

"అది కాదు భూషయ్య గారూ..."

"పెళ్లి రోజు నూనె రాకపోతే నేను పంచాయతీ పెట్టను. మీ ఇంటికే వస్తాను."

వరదయ్య తట్ట వైపు చూశాడు, భూషయ్య గోళ్ల వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు. అంతకన్నా చూడ్డానికి అక్కడేమీ లేదు. చెయ్యి చాచి ముద్ర వేశాడు. మీసాలకి పట్టించిన నూనె ఇంకా చేతికే ఉంది గనక ముద్ర చెరిగిపోకుండా చక్కగా పడింది.

ఏనుగు వెళ్లమన్నట్టు తొండం ఊపాడు. మైలోడు కదల్లేదు.

"పెద్దయ్యా, పుల్లోడు కూడా తొమ్మిదేళ్లు ఆ గానుగే తిప్పాడండి."

కరణం పుస్తకం పేజీలు వెనక్కి తిప్పి చూశాడు. ఏనుగే అన్నాడు, "వాడొచ్చి అడిగి ఉంటే రాసేవాళ్లం రా."

"వాడికి తెలీదండి," అన్నాడు మైలోడు. నాంచారి తల పక్కకి తిప్పుకుంది.

"కరణం," అన్నాడు ఏనుగు, "ఇది కూడా రాయి. ఇకమీదట ఎవడు ఖాళీ రోజు పెట్టినా, ఆ రోజు కూడా పనిరోజే."

మైలోడు ఆ పూట కొట్టంలోకి అడుగుపెట్టాడు. పదకొండేళ్లలో ఖాళీ రోజున వాడికి ఆ గుమ్మం తెరుచుకోవడం అదే మొదలు. వరదయ్య తనే తెలకపిండి తెచ్చి పెట్టాల్సొచ్చింది. భూషయ్యకి భయపడి మోకాలికి వెచ్చటి నూనె కూడా రాశాడు. పెళ్లి నూనె మైలోడే ఆడించాడు. ఆ తర్వాత కోడె వచ్చింది, గానుగ కాడి దాని మెడకి ఎక్కింది. మైలోడి మేత మాత్రం తగ్గలేదు. ఇప్పుడు ప్రొప్రైటరు గారు రెండు ఎద్దులకి కుడితి కలుపుతున్నాడు. మీసాలకి నూనె రాసుకునే తీరిక లేదు.

ఆ పన్నెండు కాగితాలూ ఇక దేనికీ పనికిరావని నాంచారి అడిగి పుచ్చుకుంది. ఒక్కొక్కటీ చదివి తింది. అన్నిటిలోనూ ఒకటే రాసి ఉందట, మైలోడు కొత్తగా చేరినవాడని.

కాడి దిగిన మొదటి నాలుగు రోజులు మైలోడు అలవాటు కొద్దీ కొట్టంలోనే గుండ్రంగా తిరిగాడు. ఐదో రోజు ఆగాడు. మోకాళ్లు మడిచి, గుమ్మం వైపు చూడకుండా పడుకున్నాడు.

నీతి: హక్కు ఎగ్గొట్టడానికి పనివాణ్ణి ఒక్క రోజు పరాయివాణ్ణి చేసినవాడు, ఆ ఒక్క రోజు దగ్గరే దొరికిపోతాడు.