నూకాలు బుగ్గ

కూర్చోండర్రా. ఇంటింటా తిరగలి పాటతో తెల్లారే రోజుల నాటి మాట ఇది. ఎవరే ఆ మూల బుగ్గ మీద మొటిమ గిల్లుకుంటున్నది? చెయ్యి తీసి వినవే. ఇది నీకోసమే.

అనగనగా ఒక ఊళ్ళో నూకాలని ఒక మనిషి ఉండేది. పెళ్ళిళ్ళకు నలుగుపిండి విసరడమే ఆవిడ పని. పెసలూ, మినుములూ, పసుపుకొమ్ములూ కలిపి విసిరిందంటే వీధి చివరిదాకా వాసన. ఆ వాసన ఇప్పుడేదీ? మనిషి నలుపు. బుగ్గల మీద ఇంకా నల్లటి మచ్చలు. ఊళ్ళో ప్రతి పెళ్ళికూతురికీ ఆవిడ పిండే. ఆవిడకు మాత్రం పెళ్ళి కాలేదు, ఎవరూ ఇంత నలుగు పెట్టలేదు.

ఆ ఊళ్ళోనే అచ్చియ్యమ్మని ఒక పిల్ల. నేరేడుపండు రంగు. ఈడొచ్చాక మొహం నిండా మొటిమలు. తల్లి రావులమ్మకు కంగారు పట్టుకుంది. శనగపిండి పెట్టి రుద్దింది. మొటిమ పోయింది, మచ్చ ఉండిపోయింది. నిమ్మచెక్క పెట్టి రుద్దింది. మొటిమ పోయింది, మచ్చ ఉండిపోయింది. ఆఖరికి కొబ్బరిపీచుతో రుద్దింది. తోలు లేచిపోయింది, మచ్చ ఇంకా నల్లబడింది. ప్రేమకొద్దీ చేసింది, పాపం.

ఇంతలో పెళ్ళి కుదిరింది, నలుగు రోజు వచ్చింది. అప్పట్లో చుట్టాలంతా వరసగా వచ్చి పెళ్ళికూతురి మొహానికి నలుగు రుద్దేవాళ్ళు. ఎంత గట్టిగా రుద్దితే అంత ప్రేమని లెక్క. అచ్చియ్యమ్మ అటకెక్కి కూర్చుంది.

"దిగవే," అంది తల్లి. దిగలేదు.

"దిగమ్మా," అన్నాడు మేనమామ. దిగలేదు.

నూకాలు దిగమనలేదు. నిచ్చెన పక్కన చతికిలబడి, "మండుతోందా తల్లీ?" అంది.

"వాళ్ళు మళ్ళీ రుద్దుతారు పిన్నీ. నాకీ పెళ్ళే వద్దు."

"మా అమ్మా ఇలాగే రుద్దింది. నేనూ అటకెక్కాను. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు చూసి చూసి వెళ్ళిపోయారు. నువ్వు దిగు. నీ మొహం మీద గట్టి చెయ్యి పడనివ్వను."

అచ్చియ్యమ్మ దిగింది. ముత్తైదువులు గిన్నెల్లో పిండి తడిపారు. అప్పుడు నూకాలు పీట ముందుకొచ్చి కూర్చుంది.

"ముందు నాకు రుద్దండమ్మా. పిల్లకెంత గట్టిగా రుద్దుతారో అంత గట్టిగానూ."

అందరూ నవ్వారు. దీనికి పెళ్ళి సరదా పుట్టిందన్నారు. రావులమ్మే ముందు చెయ్యి వేసింది, రుద్దింది. నూకాలు కదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారి పిండిలో కలిశాయి. రావులమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నొప్పిగా ఉందా చెల్లీ?"

"నొప్పి నాకలవాటే. నాకు నలుగు పెట్టడం ఇదే మొదలు."

రావులమ్మ కూతురి బుగ్గకు మెత్తగా అద్దింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి, వేలి వెనక వైపుతో అచ్చియ్యమ్మ బుగ్గను తాకి వెళ్ళారు. పిల్ల మచ్చలతోనే పీటల మీద కూర్చుంది, తలెత్తుకుని కూర్చుంది.

అత్తారింటికి పంపేటప్పుడు నూకాలు చెప్పింది: "చన్నీళ్ళతో కడుగు. పాతచీర గుడ్డతో అద్దు. ఎండలో కొంగు కప్పుకో. గిల్లకు. మన నల్లతోలు దెబ్బ తగిలితే చాన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటుంది తల్లీ, తొందరపెట్టకు." అచ్చియ్యమ్మ అలాగే చేసింది. మొటిమలు తగ్గాయి. చంటిది పుట్టి పాకే వేళకు మచ్చలూ పలచబడ్డాయి.

నూకాలు పోయినప్పుడు అచ్చియ్యమ్మ పరుగున వచ్చింది. ఆవిడ తిరగలిలోనే పిండి విసిరి, వేలి వెనక వైపుతో ఆ బుగ్గలకు అద్ది సాగనంపింది.

అప్పట్నుంచీ మా వైపు నలుగు రోజున మొదటి పిండి నూకాలు పేరు చెప్పి తిరగలికి పెడతారు. తర్వాతే పెళ్ళికూతురికి. ఎవరి చెయ్యైనా కాస్త బరువుగా పడితే, "మెల్లగా, అది నూకాలు బుగ్గ" అంటారు. నాకూ అన్నారు. మా అమ్మ వేలు ఎంత మెత్తగా తగిలిందో ఇప్పటికీ నా బుగ్గకు తెలుసు.

ఇలా రావే, ఆ మూల పిల్లా. నీ బుగ్గ చూడనీ.