వడ్డించిన విస్తరి ముందు

శ్రీపతిది ఒకటే బాధ. సారీ చెప్పాను కదా, ఇంకేం చెయ్యాలి?

జరిగింది చిన్నదేం కాదు లెండి. శబరి నది ఒడ్డున ఉపేంద్రస్వామి ఆశ్రమంలో వంట చేసినవాళ్లు కూడా అందరితోపాటే పంక్తిలో కూర్చుంటారు. అందరికీ వడ్డించాక స్వామి శ్లోకం చదివితేనే తొలి ముద్ద. నిన్న మధ్యాహ్నం రైసుమిల్లు కామందు ఒకాయన ఆలస్యంగా వచ్చాడు. పంక్తి నిండిపోయింది. వడ్డనలు చూసే శ్రీపతి కంగారుపడి, వంట చేసే కనకయ్య తాత దగ్గరికెళ్లి, "సారీ తాతా, కాస్త లే, సారీ" అంటూ వడ్డించిన విస్తరి ముందు నుంచి లేపేశాడు. పెద్దమనిషిని అలా లేపడమూ చెంపదెబ్బ కొట్టడమూ ఒకటే కదా.

అప్పట్నుంచి తాత మెతుకు ముట్టలేదు. ఇవాళ వంట మాత్రం చేసిపెట్టి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతానని గుడ్డలు సర్దుకుంటున్నాడు. ఆ మాట శ్రీపతి చెవిన పడింది. ఆశ్రమానికి వచ్చిన కొత్తలో తను జ్వరమొచ్చి పడుకుంటే జావ కాచి తాగించింది తాతే.

స్వామి దగ్గరికి పరుగెత్తాడు. "నేను అప్పుడే సారీ చెప్పాను స్వామీ. ఆయనే పట్టించుకోవడం లేదు."

"నాకు ఇంగ్లీషు రాదు నాయనా. ఆ మాటకి అర్థమేమిటి?"

శ్రీపతి కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి వచ్చినవాడు. అడిగితే ఆగుతాడా?

"ఒక్కటని ఎలా చెప్పను స్వామీ? బస్సులో కాలు తొక్కితే సారీ. మాట వినపడకపోతే మళ్లీ చెప్పమనడానికీ సారీయే. పెళ్లికి రాలేకపోతే సారీ. ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్లతో అనేదీ అదే. దిక్కుమాలిన స్థితిని కూడా ఆ మాటతోనే చెబుతారు."

చెబుతూ చెబుతూ తాత సంగతే మరిచిపోయాడు మహానుభావుడు. స్వామి "ఊఁ" అని భోజనానికి లేచారు.

ఆకులు వేశారు. అన్నం, పప్పు వడ్డించారు. పంక్తిలో కూర్చున్న శ్రీపతికి కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి. ఇంతలో స్వామి వచ్చి అతని ముందు నిలబడ్డారు.

"లే నాయనా. సారీ."

శ్రీపతి లేచాడు. పంక్తి పంక్తంతా అతన్నే చూస్తోంది. ఎటు తిరిగి నిలబడాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"స్వామీ, ఇది ఏ సారీ?" అన్నాడు.

"నాకేం తెలుసు? నిన్న నువ్వు తాతకి చెప్పిందే."

శ్రీపతి వంటింటి వెనక గదికి వెళ్లాడు. తాత మూట ముడివేస్తున్నాడు. ఏం చెప్పాలో దారిలో కూర్చుకున్నాడు గానీ, ఆ ముఖం చూసేసరికి అదంతా ఎగిరిపోయింది. కూలబడి కాళ్లు పట్టుకున్నాడు.

"అన్నం ముందు నుంచి నిన్ను లేపాను తాతా. తప్పు చేశాను."

తాత ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు తిన్నావా?"

"లేదు. నన్నూ లేపారు."

"అన్నం ముందు నుంచా?" తాత మూట వదిలేసి లేచాడు. "అదేం పని? ఆకలిమీదున్న పిల్లాణ్ణి లేపుతారా ఎవరైనా? పద, నేనడుగుతాను."

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. పంక్తిలో ఇంకా ఎవరూ ముద్ద ఎత్తలేదు. స్వామి పక్కన కొత్తగా వేసిన రెండు ఆకులు ఖాళీగా ఉన్నాయి.

అడగడానికి తాత నోరు తెరిచేలోపే స్వామి వడ్డించేవాళ్లవైపు తిరిగారు.

"ముందు తాతకి వడ్డించండి."