వెండి రూపాయి మీది నీలం

పరాంకుశాచార్యులవారి దగ్గర చదువుకునేవారిలో నరహరి అనే నడివయసు మనిషి ఉండేవాడు. ఒకనాడు పాఠం ముగిశాక ఆయన్ను ఇలా అడిగాడు: "స్వామీ, చాలా కాలం కిందట నేనూ నా స్నేహితుడూ మాటా మాటా అనుకొని విడిపోయాం. ఇప్పుడు అతన్ని చూడాలని ఉంది. కాని ఆ పాతదంతా మనసులోంచి కడిగేసుకొని, నిర్మలంగా వెళ్దామని నా కోరిక. దానికి ఏం సాధన చెయ్యాలి?"

ఆచార్యులవారు శాస్త్రం ఎత్తలేదు. తాము ఎరిగిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ సంగతి చెప్పారు.

అక్క వకుళమ్మ, చెల్లెలు ఆండాళమ్మ. వాళ్ళ తల్లి దగ్గర ఒక వెండి రూపాయి ఉండేది. పెళ్ళినాడు ఆవిడ తండ్రి చేతిలో పెట్టినది. ఆవిడ దాన్ని ఖర్చు చెయ్యకుండా, చిరిగిపోయిన పెళ్ళిచీర పట్టుపేలికలో చుట్టి చెక్కపెట్టె అడుగున దాచింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రూపాయి రంగు తిరిగింది. అంచు చుట్టూ నెమలిమెడ నీలం, దాని లోపల పలుచగా వంకాయరంగు, నడుమ బొమ్మ మీద తేనెరంగు. పిల్లలిద్దరూ తల్లి చూడనప్పుడు దాన్ని తీసి, కిటికీ దగ్గర వెలుతురులో అటూ ఇటూ వంచి చూసేవారు. రంగులు పంచుకున్నారు కూడా. నీలం అక్కది, తేనెరంగు చెల్లెలిది.

తల్లి పోయాక రూపాయి చెల్లెలికి వచ్చింది. ఆ కర్మల రోజుల్లోనే, అమ్మకు ఎవరు ఎక్కువ చేశారన్న మాట మీద ఇద్దరికీ పడలేదు. రాకపోకలు నిలిచిపోయాయి. ఒకరింట్లో శుభకార్యాలకు మరొకరు వెళ్ళలేదు. తలలు నెరిశాయి.

వకుళమ్మ మంచాన పడ్డాక ఆచార్యులవారు అప్పుడప్పుడు ఆ ఇంటికి వెళ్ళి పాశురాలు వినిపించి వచ్చేవారు. ఒకసారి ఆవిడ ఆయనతోనే చెల్లెలికి కబురు పెట్టింది. రమ్మని, వచ్చేటప్పుడు అమ్మ రూపాయి తెమ్మని, ఒక్కసారి చూస్తానని. తగవు గురించి ఏమీ చెప్పి పంపలేదు.

ఆండాళమ్మ కబురు వింటూనే బయలుదేరడానికి సిద్ధమైంది. పెట్టె తీసి, పేలిక విప్పి చూసింది. ఇన్నేళ్ళ తరవాత అక్క ముందుకు వెళ్తూ, మసకబారిన వస్తువు తీసుకుపోతే ఏమనుకుంటుంది? అమ్మ జ్ఞాపకాన్ని ఇలా పాడుపెట్టానని అనుకోదూ? ఆ భయంతో చింతపండూ బూడిదా వేసి, రూపాయిని తెల్లగా మెరిసేదాకా తోమింది. తోముతూ ఏడ్చిందట కూడా, అక్క పిలిచిందన్న సంతోషంతో.

ఆమె వచ్చేసరికి ఆచార్యులవారు అక్కడే ఉన్నారు. చెల్లెలు మంచం పక్కన కూర్చొని రూపాయిని అక్క అరచేతిలో పెట్టింది. వకుళమ్మ తల కొంచెం ఎత్తించుకొని, దాన్ని కిటికీ వైపు వంచి చూసింది. మళ్ళీ ఇటు తిప్పింది. చాలాసేపు అలా తిప్పుతూనే ఉంది.

"నా నీలం ఏదే?" అంది.

ఆండాళమ్మకు అప్పటికి అర్థమైంది. ఆ మొహం చూసి వకుళమ్మ చప్పున రూపాయిని గుప్పిట్లో మూసింది. బాగుందనీ, కొత్తదానిలా ఉందనీ చెప్పి, రెండో చేత్తో చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆ పూటంతా ఇద్దరూ పిల్లల గురించి, వంటల గురించి మాట్లాడుకున్నారు. తల్లి ప్రస్తావన మాత్రం ఎవరూ తేలేదు. ఏవో చెప్పుకోవలసినవి ఉన్నట్టే ఉంది గాని, వాటికి దారి దొరకలేదు. వకుళమ్మ ఆ పక్షం దాటలేదు.

ఇంతవరకూ చెప్పి ఆచార్యులవారు ఊరుకున్నారు. ఆ రూపాయికి మళ్ళీ రంగు వచ్చిందా అని నరహరి మెల్లిగా అడిగాడు.

"వస్తుంది నాయనా. వెండికి ఆ గుణం ఉంది. అంతకాలం బతకడమే వకుళమ్మ చేతిలో లేకపోయింది."